టనమి రోడ్డు మీద ఒక ఊళ్ళో ఆడపిల్లలకు ఒంటి సంగతులు చెప్పడం: నా అనుభవం

ఆస్ట్రేలియాలో నర్సులుగా ఉన్న మన తెలుగువాళ్ళు ఫోన్ చేస్తే ముందు అడిగేది జీతం గురించే. రిమోట్‌లో ఎక్కువ ఇస్తారట కదా, ఉండటానికి ఇల్లు కూడా వాళ్ళే చూపిస్తారట కదా అని. నిజమే, ఇస్తారు. నేను మాత్రం ఆ ఉద్యోగంలో ఇంకో పని గురించి చెప్పాలనుకుంటున్నాను. నార్తర్న్ టెరిటరీలో ఒక అబోరిజినల్ (అంటే ఆస్ట్రేలియా ఆదివాసుల) ఊరి క్లినిక్‌లో చేరాక, అక్కడి అమ్మాయిలకు సుఖవ్యాధుల గురించి, గర్భం గురించి, గర్భం రాకుండా చూసుకోవడం గురించి చెప్పే పని నాకు అప్పగించారు. ఎవరి అనుమతి అడగాలి, ఎవరి నోటితో చెప్పించాలి, ఎవరి ముందు ఆ మాట ఎత్తకూడదు అన్నది తెలుసుకోవడానికే నా మొదటి ఏడాది చాలావరకు పట్టింది. ఊరి పేరు రాయను. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి వాయవ్యంగా టనమి రోడ్డు పట్టుకుని పోతే వచ్చే వార్ల్‌పిరి తెగ ఊళ్ళలో అదొకటి. జనం తక్కువ. కాస్త వివరం ఇచ్చినా మనుషులెవరో తెలిసిపోతుంది.

ఇప్పుడీ పని ఇంత అవసరం కావడానికి ఒక కారణం సిఫిలిస్ అనే సుఖవ్యాధి. 2011లో క్వీన్స్‌లాండ్ వాయవ్య భాగంలో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. 2013లో నార్తర్న్ టెరిటరీకి, 2014లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతానికి, 2016లో సౌత్ ఆస్ట్రేలియాకి పాకింది. ఎక్కువగా సోకింది 15 నుంచి 29 ఏళ్ళ లోపు అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపాల యువతకు. పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బు ఇది. తొలి దశలో పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల మందు, రెండు పిరుదులకు చెరో ఇంజెక్షన్‌గా ఒకే పూటలో అయిపోతుంది. అలాంటి జబ్బు వల్ల కడుపులో బిడ్డలు పోయారంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మానింది కదా, తగ్గిపోయిందని ఎవరైనా అనుకుంటారు. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది, పక్కవాళ్ళకు అంటుతుంది, కడుపుతో ఉంటే బిడ్డకూ వెళ్తుంది. కాబట్టి పరీక్ష ఒక్కటే దారి. పరీక్షకు రావాలంటే మనుషులకు క్లినిక్ మీద నమ్మకం ఉండాలి.

ఆ నమ్మకం ఎందుకు లేదో ఆలిస్ స్ప్రింగ్స్‌లో జరిగిన ఓరియెంటేషన్‌లో మొదటిసారి విన్నాను. చెప్పినావిడ అరెర్న్టె అనే అబోరిజినల్ తెగ పెద్దావిడ. ఆవిడ గొంతులో కోపం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయారు. 1908 నుంచి 1919 దాకా పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం సుఖవ్యాధుల పేరుతో అబోరిజినల్ మనుషులను పట్టుకుని కార్నార్వన్ ఎదురుగా సముద్రంలో ఉన్న బెర్నియర్, డోర్ దీవులకు తరలించింది. కొందరిని గొలుసులు వేసి నడిపించారు. నిజంగా ఆ రోగమే ఉందో లేదో సరిగ్గా తేల్చకుండానే పట్టుకెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు. క్వీన్స్‌లాండ్‌లో ఫాంటమ్ దీవి మీద కూడా అలాంటి ఆస్పత్రే నడిచింది. పిల్లలను తల్లుల నుంచి విడదీసి తీసుకుపోయిన దశాబ్దాల సంగతి సరేసరి. దానికి దేశం తరఫున పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008లో. దానికి ముందటి ఏడాదే, 2007లో, పిల్లల మీద లైంగిక అకృత్యాలు జరుగుతున్నాయన్న నివేదిక పేరు చెప్పి కేంద్ర ప్రభుత్వం సైనికులను కూడా ఈ ఊళ్ళకు పంపింది. పిల్లలందరికీ తప్పనిసరిగా వైద్య పరీక్షలు చేస్తామని మొదట ప్రకటించింది. ఆ 'తప్పనిసరి' తర్వాత తీసేశారు కానీ, ఆ మాట విన్న తల్లుల భయం అంత తొందరగా పోతుందా? యూనిఫాం వేసుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని, కింది భాగాల గురించి మాట్లాడే కొత్త మనిషి అంటే వాళ్ళకు గుర్తొచ్చేవి ఇవన్నీ.

నేను ఆ గదిలో కూర్చుని భద్రాచలం గురించి ఆలోచిస్తున్నాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అందులో గిరిజన హాస్టళ్ళ పిల్లలు చాలామంది. అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. చనిపోయిన పిల్లల మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. టీకా మంచిదే. ఆస్ట్రేలియాలో 2007 నుంచి బడుల్లో వేస్తున్నారు. కానీ అమ్మానాన్నలను అడగకుండా, వాళ్ళ భాషలో చెప్పకుండా వేసిన మంచి మందు తర్వాత ఎన్నేళ్ళు అనుమానాన్ని మిగులుస్తుందో నేను ఆ జిల్లా ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో చూశాను. ఆ తర్వాత ఏ టీకా తీసుకెళ్ళినా కోయ గూడేల్లో తల్లులు "మళ్ళీ అదేనా" అని అడిగేవాళ్ళు.

ఊళ్ళోకి వచ్చాక నాకు దొరికిన పెద్ద అండ మా క్లినిక్‌లో అబోరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్‌గా పనిచేసే ఆవిడ. వయసులో నాకంటే పెద్ద, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. కొన్నాళ్ళు నన్ను గమనించి తన స్కిన్ పేరే నాకూ పెట్టారు. వార్ల్‌పిరి వాళ్ళలో ఎనిమిది స్కిన్‌లు ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లు 'న'తో, మగవాళ్ళ పేర్లు 'జ'తో మొదలవుతాయి. అది పుట్టుకతో వచ్చే వరస. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరిని చేసుకోవచ్చు అన్నీ దాంట్లోనే ఉంటాయి. ఆవిడ పేరే నాకు పెట్టారంటే నేను ఆవిడకు చెల్లెల్ని, ఆవిడ నాకు అక్క. ఆవిడ తల్లులు నాకు తల్లులు, ఆవిడ కూతుళ్ళు నాకు కూతుళ్ళు. తల్లి అక్కచెల్లెళ్ళంతా తల్లులే, తండ్రి అన్నదమ్ములంతా తండ్రులే. సిటీ నుంచి వచ్చిన డాక్టర్లు "ఈ పిల్లకు అమ్మలు ఎంతమంది?" అని తికమకపడే చోట, పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న అంటూ పెరిగిన నాకు ఇబ్బంది అనిపించలేదు. మేనత్త, మేనమామ దారి వేరని కూడా మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వరస తెలిశాక హద్దులు తెలిశాయి. అన్నదమ్ముల ముందు ఆడపిల్ల ఒంటి మాట ఎత్తకూడదు. పక్కనుంచి వినిపించినా పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. అత్తా అల్లుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, మాట్లాడుకోరు. వరసకు అల్లుడయ్యే కుర్రాడు క్లినిక్‌కి వస్తే అక్క లోపలి గదిలోకి వెళ్ళిపోతారు. అతని రిపోర్టు మగ నర్సు చెప్పాలి, అతను లేకపోతే వరస అడ్డురాని ఇంకొకరు చెప్పాలి. ఆడవాళ్ళ సంగతులు ఆడవాళ్ళవి, మగవాళ్ళ సంగతులు మగవాళ్ళవి. మా క్లినిక్‌లో ఆడవాళ్ళకు పక్కనుంచి వేరే తలుపు ఉంది. ఆ తలుపు లేని క్లినిక్‌లో ఎన్ని పోస్టర్లు అంటించినా ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

ఇక అసలు పని. సిటీలో తయారైన చార్టులు, బొమ్మల పుస్తకం మా దగ్గర ఉన్నాయి. అక్క వాటిని చూసి పక్కన పెట్టి, ముందు పెద్దావిడలను అడగాలన్నారు. అడగడం అంటే మీటింగు పెట్టి చేతులెత్తించడం అనుకోకండి. సాయంత్రాలు వాళ్ళు పేకాడుకునే చోటికి వెళ్ళి కూర్చోవడం. టీ తాగడం. ఎవరి మనవరాలికి చెవి నొప్పో, ఎవరికి షుగర్ మందు అయిపోయిందో చూడడం. మన సంగతి ఎప్పుడో ఒకప్పుడు అక్క వాళ్ళ భాషలో ఎత్తుతారు, వాళ్ళు మౌనంగా ఉంటారు. మౌనం అంటే వద్దని కాదు, ఆలోచిస్తున్నారని. మధ్యలో ఊళ్ళో ఒక చావు జరిగింది. దుఃఖం పాటించే రోజులు అన్నీ ఆగిపోతాయి, ఎవరూ ఏ పనీ అడగకూడదు. పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు, ఫొటో చూపించకూడదు. మేం చూపిద్దామనుకున్న వీడియోలో ఆ పోయిన మనిషి కనిపిస్తారు. దాన్ని తీసి లోపల పెట్టేశాం. ఆస్ట్రేలియాలో ఇలాంటి ఆరోగ్య వీడియోలు స్థానికుల ముఖాలతో చేయడం మంచిదే, కానీ ప్రతిసారీ ముందు ఊరివాళ్ళకు చూపించి అడగాల్సిన కారణం ఇది.

చివరికి పెద్దావిడల్లో ఒకరు ఒప్పుకున్నారు. ఎలా చేయాలో ఆవిడే చెప్పారు. బడిలో వద్దు, అక్కడ అబ్బాయిలు ఉంటారు. క్లినిక్‌లో వద్దు, లోపలికి వెళ్తే ఊరంతా చూస్తుంది. ఊరికి దూరంగా, ఆడవాళ్ళే వెళ్ళే చోట చేద్దాం. పెద్ద బొమ్మలు వద్దు. నిలువునా కోసి చూపించే ఆ బొమ్మలో ఆడమనిషికి తల లేదు, కాళ్ళు లేవు, ఎవరి కూతురో తెలియదు అన్నారావిడ. మొదట మాట్లాడేది అమ్మమ్మలు. అడిగినప్పుడు నేను. ఎవరి పిల్ల వస్తుందో వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో కూడా రావాలి.

రెండు టయోటాల్లో వెళ్ళాం. ఎండిపోయిన ఏటి ఒడ్డున చెట్ల నీడలో దిగి, నిప్పు చేసి, కంగారూ తోకలు బూడిదలో కప్పి, టీ పెట్టారు. తిన్నాక పెద్దావిడ ఇసుకను అరచేత్తో చదును చేసి వేళ్ళతో గీయడం మొదలుపెట్టారు. వార్ల్‌పిరి ఆడవాళ్ళు కథ చెప్పే తీరు అది. గుర్రపు లాడంలా ఒక గీత గీస్తే కూర్చున్న మనిషి. పక్కన ఇంకో గీత, మధ్యలో నిప్పు, వెనక పడుకునే చోటు. నోటితో చెప్తూ, పాడుతూ, గీస్తూ ఉంటారు. ఒక ఘట్టం అయిపోతే చేత్తో చెరిపేసి మళ్ళీ గీస్తారు. ఆవిడ ముందు పూర్వకాలపు సంగతి చెప్పారట: పెద్దమనిషైన పిల్లను అమ్మమ్మలు ఎలా చూసుకునేవాళ్ళో, ఏం నేర్పేవాళ్ళో. అందులో కొంత భాగం నాకు అక్క అర్థం చెప్పలేదు, నేను అడగలేదు. అది వాళ్ళది.

తర్వాత ఆవిడే కొత్త కథలోకి వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఆ అబ్బాయి ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఫుట్‌బాల్ ఆటకు వెళ్ళాడు, అక్కడ ఇంకో అమ్మాయి. ఆ అమ్మాయికి వేరే ఊళ్ళో ఇంకో అబ్బాయి. పేర్లు లేవు, స్కిన్‌లు లేవు, ఉత్త లాడాల గీతలే. ఒక దగ్గర చిన్న గులకరాయి పెట్టారు, అది జబ్బు. ఆ రాయి ఒకరి నుంచి ఒకరికి పోయి, కడుపుతో ఉన్న అమ్మాయి దగ్గర ఆగింది. ఆ లాడం లోపల ఇంకో చిన్న లాడం గీశారు. పిల్లలు గుసగుసలు ఆపేశారు. అప్పుడు నా వైపు చూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు, రాయిని ఎలా తీస్తారో" అన్నారు.

నేను చెప్పింది కొంచెమే. పుండు నొప్పి లేకుండా వచ్చి పోతుందని. వేలి చివర ఒక్క రక్తపు చుక్కతో 15 నిమిషాల్లో తెలిసే పరీక్ష ఉందని. ఇంతకుముందు వచ్చి మందు వేసుకున్నవాళ్ళకు కూడా ఆ పరీక్షలో గీత పడుతుంది కాబట్టి చేతి నుంచి కూడా రక్తం తీసి ల్యాబుకు పంపుతామని. క్లమీడియా, గనేరియా అనే ఇంకో రెండు సుఖవ్యాధులకు మూత్రం ఇస్తే చాలని, అవి ఏ బాధా లేకుండా లోపల ఉండి తర్వాత పిల్లలు పుట్టకుండా చేయొచ్చని. ఆ చివరి మాటకు అమ్మమ్మలు తల పట్టుకున్నారు. సిఫిలిస్ కంటే ఆ మాటే వాళ్ళను ఎక్కువ కదిలించింది. పిల్లలు లేకపోతే మా నేల కథలు, పాటలు ఎవరికి చెప్పాలి అన్నారు ఒకరు.

పిల్లల ప్రశ్నలు నా వరకు నేరుగా రాలేదు. మనవరాలు అమ్మమ్మ చెవిలో, అమ్మమ్మ అక్కతో, అక్క నాతో. జవాబు అదే దారిలో వెనక్కి. మొదట ఇది ఆలస్యం అనిపిస్తుంది, కానీ ఆ దారిలో ప్రతి ఒక్కరూ జవాబు నేర్చుకుంటున్నారు. గర్భం రాకుండా చేతిలో పెట్టే ఇంప్లాంట్ తీసేస్తే మళ్ళీ పిల్లలు పుడతారా? పుడతారు, ఎప్పుడు వద్దనుకున్నా తీసేస్తాం. నాకు తెలియకుండా పెడతారా? పెట్టరు. ఈ ప్రశ్న అడిగింది పిల్ల కాదు, నలభై దాటిన తల్లి. దానికి నేను ఒకటికి రెండుసార్లు, నెమ్మదిగా చెప్పాను.

చట్టం సంగతి మొదటే చెప్పాం. 16 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో, ఎవరైనా బలవంతం చేసిన విషయంలో మేం దాచిపెట్టలేనివి కొన్ని ఉన్నాయి. అవి తప్ప మిగతాది మా నోరు దాటదు. ఇది చివర్లో చెప్తే మోసం చేసినట్టు అనిపిస్తుంది. ముందే చెప్తే ఎవరు ఏం చెప్పాలో వాళ్ళే ఆలోచించుకుంటారు. క్లినిక్‌లో పనిచేసేవాళ్ళు కూడా ఊరి బంధువులే కాబట్టి, ఫైలు ఎవరు తెరవకూడదు అన్నది కూడా మాట్లాడుకున్నాం. కొందరు పిల్లలు తమ పరీక్ష నేనే చేయాలన్నారు, పరాయిదాన్ని కాబట్టి. కొందరు అక్కే చేయాలన్నారు. రెండూ సరే.

తర్వాతి రోజుల్లో పక్క తలుపు నుంచి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురుగా రావడం మొదలైంది. కొందరిని వాళ్ళ అమ్మమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కండోమ్‌లు కౌంటర్ దగ్గర పెడితే ఎవరూ తీసుకోరు. ఆడవాళ్ళ సెంటర్ బాత్రూంలో, క్లినిక్ బయటి బాత్రూంలో డబ్బాలు పెట్టాం, ఖాళీ అయినప్పుడల్లా నింపాం. అబ్బాయిల సంగతి నేను చూడలేదు, చూడకూడదు కూడా. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి మగ హెల్త్ వర్కర్ వచ్చి పెద్దమగవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ చోట వాళ్ళు చేసుకున్నారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, పరీక్షకు వచ్చే కుర్రాళ్ళు పెరిగారని మాత్రం మగ నర్సు చెప్పాడు.

ఇది నేనో మా క్లినిక్కో కనిపెట్టిన పద్ధతి కాదు. 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో అబోరిజినల్ వాళ్ళే తమ వైద్య కేంద్రం పెట్టుకున్నారు. 1973లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో కాంగ్రెస్ అనే అబోరిజినల్ సంస్థ పుట్టింది. ఆ కాంగ్రెస్ కిందే అమ్మమ్మల మాటకు విలువిస్తూ ఆడవాళ్ళ కోసం అలుకుర అనే కేంద్రం 1987లో తెరిచారు. దక్షిణాన పిచంజర తెగ భూముల్లో న్గనంప హెల్త్ కౌన్సిల్ 1990ల నుంచి ఊరి పెద్దల మద్దతుతో ఏటా పరీక్షలు జరిపి గనేరియా, క్లమీడియా బాగా తగ్గించి చూపించింది. డబ్బు, మందులు ప్రభుత్వానివే. నిర్ణయం ఊరిది. అది తిరగబడిన చోట పని పాడవడం కూడా నేను చూశాను: పక్క ఊరికి పెద్దావిడలతో మాట్లాడకుండా ఒక బృందం వచ్చి, బడిలో అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి కూర్చోబెట్టి స్లైడ్లు వేసింది. మర్నాడు బడికి పిల్లలు రాలేదు.

కాన్పు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ ఊళ్ళలో కాన్పులు జరగవు. 38 వారాలు వచ్చేసరికి ఆడవాళ్ళను ఆలిస్ స్ప్రింగ్స్‌కి పంపేస్తారు, అక్కడ హాస్టల్లో నొప్పుల కోసం ఎదురు చూడాలి. మనకు తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్తారు. వీళ్ళను పుట్టింటి నుంచే దూరంగా పంపుతున్నారు. అందుకే కొందరు గర్భం సంగతే ఆలస్యంగా చెప్తారు, పరీక్షలు తప్పిపోతాయి. సిఫిలిస్ ఉన్న ప్రాంతం కాబట్టి మొదటి చెకప్‌లో, 28 వారాలకు, 36 వారాలకు, కాన్పప్పుడు, ఆ తర్వాత ఆరు వారాలకు రక్తం చూడాలి. ఈ సంగతి కూడా అమ్మమ్మలే ఇసుకలో ఐదు గీతలుగా గీసి చెప్పడం మొదలుపెట్టారు. నేను చెప్తే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు.

ఇలాంటి ఉద్యోగానికి రావాలనుకునేవాళ్ళకు: వచ్చీరాగానే ప్రోగ్రాం పెట్టమని మేనేజర్ తొందరపెడితే, హెల్త్ ప్రాక్టీషనర్‌ను అడిగి చేస్తానని చెప్పండి. మూడు నెలల కాంట్రాక్టుకు వచ్చి వెళ్ళిపోయేవాళ్ళను ఊరు చాలామందిని చూసింది. కొన్నాళ్ళు నిలబడగలిగితేనే ఈ పని తలకెత్తుకోండి, లేకపోతే ఉన్నవాళ్ళకు సాయంగా ఉండండి. మాట అర్థం కాకపోతే అబోరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్‌కి ఫోన్ చేయొచ్చు, కానీ వచ్చేది ఆడమనిషేనా, వరస అడ్డురాదా అని ముందే కనుక్కోండి. కళ్ళలోకి గుచ్చి చూడకండి. ప్రశ్న అడిగాక ఆగండి.

అమ్మాయిల పని ఒక దారిన పడ్డాక పెద్దావిడలు నన్ను అడిగారు, "మరి మా సంగతేంటి?" అని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అబోరిజినల్ ఆడవాళ్ళకు మిగతా వాళ్ళకంటే దాదాపు రెట్టింపు వస్తుంది, చావుల్లో తేడా ఇంకా ఎక్కువ. పాత పద్ధతిలో బల్ల మీద పడుకోబెట్టి చేసే పరీక్షకు వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి రాలేదు. 2022 జులై నుంచి 25 నుంచి 74 ఏళ్ళ వాళ్ళెవరైనా దూదిపుల్లతో తామే నమూనా తీసి ఇవ్వొచ్చు, ఎవరూ చూడక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. అది చెప్పగానే ఇసుక కథ చెప్పిన పెద్దావిడ దూదిపుల్ల చేతిలోకి తీసుకుని, ఎటువైపు, ఎంత లోపలికి అని అక్కను అడిగారు. అక్క చేత్తో చూపించారు. ఆవిడ బాత్రూంలోకి వెళ్ళి వచ్చి గొట్టం నా చేతిలో పెట్టి, బయట కూర్చున్న తన చెల్లెళ్ళను పిలిచారు. ఆ వారం ల్యాబుకు పంపిన పెట్టెలో వాళ్ళ నమూనాలే ఎక్కువ. ఇద్దరికి ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందని వచ్చింది. ఇద్దరినీ ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆడ డాక్టరుకే చూపించాలని బుకింగ్ చేసేటప్పుడే రాసి పంపాం, తోడు అక్క వెళ్ళారు.